సెలైన్ ఒక్కటే వైద్యం కాదు

సంపాదకులకు,

వానలు మొదలైతే మా విజయనగరం జిల్లాలో వాంతులు, విరేచనాల టెన్షన్ మొదలవుతుంది. 2024 అక్టోబరులో మా జిల్లాలోని గుర్లలో డయేరియా ప్రబలిన సంగతి ఇక్కడెవరూ మరచిపోలేదు. స్టాఫ్ నర్సుగా చేసి రిటైరయ్యాను. డయేరియాతో వచ్చినవాళ్లంతా ముందు అడిగేది "సిస్టరమ్మా, సెలైన్ పెట్టరా?" అనే. నోటితో తాగగలిగితే చాలామందికి ఓఆర్‌ఎస్ (నీళ్లలో కలిపి తాగే లవణాలు, గ్లూకోజు పొడి) సరిపోతుంది. లీటరు ప్యాకెట్ మొత్తం లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఒకేసారి కలపాలి. గ్లాసుకు చిటికెడు వేస్తే పనిచేయదు. బిడ్డ కక్కితే పది నిమిషాలు ఆగి, చెంచాతో నెమ్మదిగా మళ్లీ పట్టాలి. తల్లిపాలు, తిండి ఆపకూడదు (పొట్టకు రెస్టు ఇవ్వమనే సలహా ఎవరు కనిపెట్టారో గానీ!). కళ్లు లోతుకుపోయినా, మూత్రం తగ్గినా, బిడ్డ మత్తుగా ఉన్నా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి.

ఇలా పక్కన కూర్చుని తాగించడానికి, ఎన్ని విరేచనాలయ్యాయో రాసుకోవడానికి మనిషి కావాలి కదా. రాత్రి డ్యూటీలో వార్డంతటికీ ఒక్క నర్సు ఉంటే ఆమె సెలైన్ సీసాలు మార్చడంతోనే తెల్లారిపోతుంది. సీజన్‌లోనైనా అదనపు నర్సులను వేయండి. వార్డు కుళాయి దగ్గర సబ్బు ఉంచండి. పిల్లలకు జింక్ మాత్రలు 14 రోజులు వాడాలని డిశ్చార్జి చీటీ మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో రాయించండి. విరేచనాలు కట్టగానే తల్లులు మానేస్తున్నారు.

– ఒక రిటైర్డ్ స్టాఫ్ నర్సు, విజయనగరం