మూడొందలు ఎవరికి లెక్క అంటారా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎక్కడ వరదొచ్చినా మీ పేపర్లో పెద్ద పెద్ద చెక్కులు పట్టుకున్నవాళ్ల ఫొటోలు వస్తాయి. అవి చూసి మావాడు 'మనమిచ్చే మూడొందలు ఎవరికి లెక్క నాయనా' అన్నాడు. వాడికి చెప్పిందే ఇక్కడా రాస్తున్నాను.

2009 అక్టోబర్ 2న కర్నూలు మునిగినప్పుడు వాడింకా పుట్టలేదు. ఇటు తుంగభద్ర, అటు హంద్రీ, కింద శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులు వచ్చి పడి వెనక్కి ఎగదన్నిన నీళ్లు, మేమేమో మిద్దె మీద. నీళ్లు తీశాక ఏ ఊరివాళ్లో పులిహోర పొట్లాలు తెచ్చారు, వాళ్ల కడుపు చల్లగా ఉండాలి, ఒక్కొక్కరి చేతిలో మూడేసి పొట్లాలు. పాత చీరలైతే సందు మొగలో కుప్ప పోశారు, సగం చినిగినవే (మనం కట్టుకోలేనిది వరదలో ఉన్నామె మాత్రం ఎట్లా కట్టుకుంటుంది?). వారం తిరిగేసరికి అందరూ వెళ్లిపోయారు. బురద మాత్రం మిగిలింది, మోకాలి లోతున, ముక్కు మూసుకున్నా ఆగని కంపుతో. అప్పుడు కావాల్సింది పార, బకెట్, బ్లీచింగ్ పొడి, బురద ఎత్తేవాళ్లకు కూలి. మా పక్కింటామె కుట్టుమిషను తుప్పు పట్టింది, బాగు చేయడానికి నాలుగొందలు అడిగారు, ఆ నాలుగొందలు పుట్టక రెండు నెలలు ఆమె పని ఆగిపోయింది. అదిరా మూడొందల లెక్క అన్నాను.

అందుకే ఇంట్లో ఒక డబ్బా పెట్టుకున్నాం. నేను సాయంత్రం టీ మానేశాను, రోజుకు పది రూపాయలు. మొదటి వారం తలనొప్పితో అందరి మీదా అరిచాను. ఆదివారం బండి మీద ఉగ్గాని, బజ్జీ తినేవాళ్లం, ఇప్పుడు ఇంట్లోనే చేసుకుంటున్నాం, బొరుగులు తడిపి తాలింపు వేయడానికి ఎంతసేపు కానీ బజ్జీకి మాత్రం ఆ బండి రుచి రాదు, ఒప్పుకోవాల్సిందే.

2021 నవంబర్‌లో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు పులపుత్తూరు, మందపల్లి మీద పడ్డప్పుడు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచినప్పుడు డబ్బా తెరిచాం, అదీ నెల ఆగాకే. మొదటి వారంలో ఇచ్చేవాళ్లు చాలామంది ఉంటారు. మా వీధికి బ్యానర్ కట్టుకుని చందాలకు వచ్చినవాళ్లను రసీదు అడిగితే కోపం వచ్చింది, అలాంటివాళ్లకు ఇవ్వను. ముఖ్యమంత్రి సహాయ నిధికి కడితే రసీదు ఉంటుంది, పాత పద్ధతిలో ఆదాయపు పన్ను కట్టేవాళ్లకు పన్ను మినహాయింపూ ఉంటుంది.

మీకో మనవి. వరద ఫొటోలు ఆగిపోయిన నెల తర్వాత, లోపలి పేజీలోనైనా సరే, ఆ ఊళ్లో ఇంకా ఏం కావాలో నాలుగు లైన్లు వేయండి. పొయ్యిలా, పుస్తకాలా, మిషన్ల రిపేరా, ఏదైనా. మా డబ్బాలో ఇప్పటికి పదకొండు వందల చిల్లర ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, పాతబస్తీ, కర్నూలు