రాజమహేంద్రవరాన్ని నడిచి చూడనివ్వండి

సంపాదకులకు నమస్కారం.

పాపికొండలకు వెళ్లేవాళ్లు మా ఊళ్లో రాత్రి పడుకుని పొద్దున్నే వెళ్లిపోతారు. ఊరిని చూసేవాళ్లు తక్కువ. గైడ్ లేకుండా ఎవరికి వారే నడిచి చూసేందుకు ఒక మ్యాప్, దారి పొడవునా తెలుగులో బోర్డులు పెడితే బాగుంటుంది.

పుష్కర ఘాట్, మార్కండేయస్వామి గుడి దగ్గర మొదలుపెట్టొచ్చు. గోదావరి గట్టు మీద నుంచి హేవలాక్ వంతెన కనిపిస్తుంది. ఆ వంతెన మీద 1900 నుంచి 1997 దాకా రైళ్లు నడిచాయి. ఊళ్లోకి వస్తే కందుకూరి వీరేశలింగం గారి ఇల్లు, ఆయన కట్టించిన టౌన్ హాలు, గౌతమీ గ్రంథాలయం. 1881 డిసెంబరు 11న పంతులుగారు మొదటి వితంతు వివాహం జరిపించింది ఈ ఊళ్లోనే. మన పిల్లల్లో ఎందరికి తెలుసు? ఆనకట్ట, కాటన్ మ్యూజియం ధవళేశ్వరంలో ఉన్నాయి కాబట్టి వాటికి ఆటో తప్పదు.

ఎండాకాలంలో ఈ నడక ఉదయం ఎనిమిదిలోపు ముగియాలి, మా ఎండలు అలాంటివి! అందుకే నీడ, మంచినీళ్లు, శుభ్రమైన మరుగుదొడ్లు బోర్డులకంటే ముందు కావాలి. గట్టు మీద అడ్డదిడ్డంగా పెట్టే బండ్లకు వేరే చోటు చూపాలి.

2027 పుష్కరాలకు ఎలాగూ పనులు చేస్తారు. వాటిలోనే ఇదీ కలపాలని అధికారులకు మనవి.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం