ఆదివారం మన లాయరు గారు వస్తున్నారండి
అందరికీ నమస్కారం. యాక్సిడెంటు కేసులు చూసే మన ఊరి లాయరు గారు ఆదివారం సాయంత్రం రామాలయం అరుగు దగ్గర కూర్చుంటారు. వాళ్ల నాన్నగారు కొబ్బరి దింపు కార్మికుడు, చాలామందికి గుర్తుండే ఉంటారు. లారీ గుద్ది ఆయన మంచాన పడితే, డిగ్రీ చదువుతున్న ఈయనే ఎఫ్ఐఆర్, డిశ్చార్జి కాగితం, మందుల చీటీలు ఎరువుల సంచిలో పెట్టుకుని అమలాపురం కోర్టు చుట్టూ తిరిగారు. ఆ తిరుగుడులోనే లా మీద మనసు పడింది. తర్వాత మూడేళ్ల ఎల్‌ఎల్‌బీ, సీనియర్ దగ్గర ఫైళ్లు మోయడం మామూలే.

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం, ప్రమాదం ఎక్కడ జరిగినా మనం ఉండేచోటే క్లెయిమ్ వేసుకోవచ్చు. పరిహారంలో వాటా అడిగే లాయరుకి మాత్రం దణ్ణం పెట్టి వచ్చేయండి, లాయర్లకి నియమాలు పెట్టే బార్ కౌన్సిల్ దానికి ఒప్పుకోదు. గుద్దేసి పారిపోయిన బండి దొరక్కపోయినా, మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయాలకి 50 వేలు ఇస్తారు. పాత బిల్లులుంటే పట్టుకురండి.