మీ కొత్త ఆటకు కడపలో అడ్వాన్సులు ఎందుకు తీసుకోవడం లేదంటే

కడప

కస్టమర్ సేవా విభాగం మేనేజర్ గారికి,

విషయం: పోయిన ఆట డిస్కులోనూ కంప్యూటర్ వెర్షన్‌లోనూ ఉన్న లోపాలు, రాబోయే ఆటకు ముందస్తు బుకింగులు ఆపడం గురించి.

అయ్యా,

కడపలో ఆటల డిస్కులు అమ్మేవాళ్ళం, కన్సోల్ పార్లర్లు నడిపేవాళ్ళం, గేమింగ్ కంప్యూటర్లు కట్టి ఇచ్చేవాళ్ళం కలిసి రాస్తున్నాం. మీ కొత్త ఆటకు బుకింగులు మొదలుపెట్టమని డిస్ట్రిబ్యూటర్ టార్గెట్ ఇచ్చాడు. మేం ఒప్పుకోలేదు. పోయిన ఆట మీద పంపిన ఫిర్యాదులకు "మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది" అనే మెయిల్ తప్ప ఇంకేమీ రాలేదు. అందుకే ఈసారి మీ ఇంజనీర్లు కూర్చున్న చోటే పరీక్షించుకునేట్టు వివరంగా రాస్తున్నాం.

ముందు డిస్కు సంగతి. సోనీ వాళ్ళ టీవీ ఆటల కన్సోల్ పీఎస్5కు వచ్చిన వెర్షన్ తీసుకోండి. కన్సోల్‌లో ఆ ఆట పాత డేటా ఏదన్నా ఉంటే డిలీట్ చేయండి. సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ ఆపేయండి, లాన్ వైరు ఉంటే పీకేయండి. అప్పుడు డిస్కు పెట్టండి. కాపీ మొదలై, బార్ చివరిదాకా పోయి, ఆట బొమ్మ హోమ్ స్క్రీన్ మీదికి వస్తుంది. తెరిస్తే మెయిన్ మెనూ కూడా వస్తుంది. "కొత్త ఆట" నొక్కగానే, మిగతా భాగం డౌన్‌లోడ్ చేసుకోవాలని ఒక పెట్టె అడ్డం పడుతుంది. అక్కడినుంచి వెనక్కి రావడం తప్ప ఇంకో దారి లేదు. డిస్కులో ఉన్నది ఆట కాదు, గుమ్మం వరకే.

ఇట్లా ఎందుకైందో మాకు తెలియకపోలేదు. డిస్కులు అచ్చు వేయడానికి మాస్టర్ కాపీ విడుదలకు కొన్ని వారాల ముందే ఫ్యాక్టరీకి పోవాలి. అప్పటికి ఆట పూర్తి కాకపోతే, అయినంత వరకు డిస్కులోకి ఎక్కించి, మిగతాది మొదటి రోజు ప్యాచ్ పేరుతో దించుకోమంటారు. పీఎస్5 డ్రైవు 100 జీబీ డిస్కును కూడా చదువుతుంది కాబట్టి చోటు చాలలేదనే మాట కుదరదు. డబ్బా వెనక, బార్‌కోడ్ పక్కన, చీమ తలంత అక్షరాల్లో "అదనపు డౌన్‌లోడ్ అవసరం కావచ్చు" అని వేశారు. "కావచ్చు" ఏమిటి? అది లేకుండా ఆట మొదలే కాదు గదా. నింటెండో 2025 జూన్‌లో స్విచ్ 2 కన్సోల్‌తో పాటు తెచ్చిన గేమ్-కీ కార్డుల్లో కూడా ఆట ఉండదు. ఆ పద్ధతి మాకు నచ్చదు గానీ, ఆ ముక్క డబ్బా ముందువైపే కనబడేట్టు వేశారు. కొనేవాడు చూసి కొంటాడు, లేదా పక్కన పెడతాడు.

మా దగ్గర డిస్కు కొనేవాళ్ళు ఎక్కువమంది డిస్కు ఎందుకు కొంటారో మీ ఆఫీసులో ఎవరికన్నా తెలుసా? నెట్ మీద ఆధారపడలేక. మైదుకూరు, బద్వేలు పక్కపల్లెల నుంచి వచ్చేవాళ్ళకు ఇంట్లో ఫైబర్ ఉండదు, ఫోన్ హాట్‌స్పాటే గతి. రోజుకు 2 జీబీ ప్యాక్ మీద 40 జీబీ ప్యాచ్ దించాలంటే, ఇంకేమీ చూడకుండా ఉంటే 20 రోజులు. టౌన్‌లో 40 ఎంబీపీఎస్ లైన్ ఉన్నవాళ్ళకు కూడా 100 జీబీ ఆట దిగడానికి, లైన్ ఒక్కసారీ తెగకపోతే, ఐదున్నర గంటలు. మొదట వచ్చిన పీఎస్5లో 825 జీబీ డ్రైవు ఉన్నా వాడుకోవడానికి దొరికేది 667 జీబీ. మీ ప్యాచ్ పట్టాలంటే ఇంకో ఆట తీసేయాల్సి వస్తుంది. ఐదు వేలు పోసి కొన్నవాడు మరుసటి రోజు డబ్బా పట్టుకుని దుకాణానికే వస్తాడు. సీలు విప్పిన డిస్కును డిస్ట్రిబ్యూటర్ వెనక్కి తీసుకోడు. మధ్యలో మాటలు పడేది మేము.

ఇక కంప్యూటర్ వెర్షన్. మీ "రికమెండెడ్" పట్టికలో ప్రాసెసర్ పేరు, గ్రాఫిక్స్ కార్డు పేరు, ర్యామ్ ఉన్నాయి. ఏ రిజల్యూషన్‌లో, ఏ సెట్టింగ్‌లో, సెకనుకు ఎన్ని ఫ్రేములు (తెర మీద మారే బొమ్మలు) వస్తాయో లేదు. పరీక్షించి చూస్తే తెలిసిందేమంటే, మీరు చెప్పిన కార్డు మీద 1080పీలో (1920x1080 చుక్కల తెర) 60 ఫ్రేములు రావాలంటే అప్‌స్కేలింగ్ "పర్ఫార్మెన్స్" మోడ్‌లో పెట్టాలి. అంటే కార్డు నిజానికి గీసేది 960x540 బొమ్మ, మిగతాది సాగదీసింది. గడ్డి, వైరు కంచె, జుట్టు కొసలు కదిలినప్పుడల్లా మిణుకుమంటాయి. అసలు ఫ్రేముల మధ్య కల్పించిన ఫ్రేములు చొప్పించే ఫ్రేమ్ జనరేషన్‌ను కూడా లెక్కలో కలిపితే ఇంకా మోసం. 30 ఫ్రేములను 60 చేసి చూపిస్తే కంటికి నునుపుగా ఉంటుంది గానీ, మౌస్ కదిపితే చేతికి తెలిసేది 30 ఫ్రేముల బరువే, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే. 2025 ఫిబ్రవరిలో వచ్చిన మాన్‌స్టర్ హంటర్ వైల్డ్స్ అనే ఆట పట్టికలో, 1080పీ 60 ఫ్రేములు ఫ్రేమ్ జనరేషన్‌తో కలిపి అని రాసేశారు. ఆ లెక్క మాకు రుచించలేదు, దాచలేదన్న మాట మాత్రం ఒప్పుకోవాలి. మీ పట్టిక నమ్మి మేం కంప్యూటర్ కట్టిస్తే, సెట్టింగ్ చూడనివాడు "తక్కువ కార్డు వేశారు" అని మమ్మల్నే అంటాడు.

అన్నిటికన్నా తలనొప్పి షేడర్లది. వెలుగు, నీడ, నీళ్ళు, పొగ ఎట్లా గీయాలో గ్రాఫిక్స్ కార్డుకు చెప్పే చిన్న ప్రోగ్రాములవి. ఒక మోడల్ కన్సోల్లన్నిట్లో చిప్పు ఒకటే కాబట్టి వాటిని మీ దగ్గరే సిద్ధం చేసి పంపొచ్చు. కంప్యూటర్లలో కార్డుకో రకం, దాన్ని నడిపే సాఫ్ట్‌వేర్ అయిన డ్రైవర్‌కో రకం. అందుకే ఎవరి మెషీన్‌లో వాళ్ళకు తయారు కావాలి. ముందే తయారు చేయకపోతే, మంట మొదటిసారి అంటుకున్నప్పుడు, అద్దం మొదటిసారి పగిలినప్పుడు ఆట ఒక్క క్షణం బిగుసుకుపోతుంది. మీ ఆట ఈ పనిని మెయిన్ మెనూలోనే మొదలుపెడుతుంది. బాగానే ఉంది. కానీ అది సగంలో ఉండగానే "కంటిన్యూ" బటన్ నొక్కనిస్తుంది. ఎంత అయిందో చూపే అంకె మూలన సన్నగా ఉంటుంది, ఆగమని ఎక్కడా చెప్పదు. నొక్కినవాడికి మొదటి లెవెల్ అంతా కుదుపులే.

ఓపిక పట్టి ఆగితే ఆరు కోర్ల ప్రాసెసర్ మీద అరగంట దాటుతుంది. ఆ సేపంతా కోర్లన్నీ నూటికి నూరు పాళ్ళు పనిచేస్తుంటాయి. మే నెలలో కడప ఎండకు, ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కి దానంతటదే వేగం తగ్గించుకుంటుంది, అరగంట కాస్తా ఇంకా సాగుతుంది. డ్రైవర్ అప్‌డేట్ చేస్తే మళ్ళీ మొదటికి.

ఇందులో డబ్బు సంగతి కూడా ఉంది. కంప్యూటర్ ఆటలు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో కొన్న ఆట వెనక్కి ఇవ్వాలంటే కొన్న 14 రోజుల్లోపు అడగాలి, ఆడిన సమయం 2 గంటలు దాటకూడదు. ఆ గడియారానికి మీరు షేడర్లు వండుతున్నారో, మనిషి ఆడుతున్నాడో తేడా తెలియదు, ప్రోగ్రాం నడుస్తున్నంతసేపూ తిరుగుతూనే ఉంటుంది. ఇంకో అరగంట సెట్టింగులు మార్చి చూసుకోవడానికి పోతుంది. మీ ఆటలో అసలు కుదుపులు మొదలయ్యేది రెండో లెవెల్లోని ఊళ్ళో, అక్కడికి చేరేసరికి గడువు దాటిపోతుంది. కావాలని చేశారని మేం అనడం లేదు. షేడర్ల పని విడి ప్రోగ్రాంగా పెట్టి, గడియారానికి అందకుండా చేయగలరా లేదా అన్నది మీరే చెప్పాలి.

సేవ్ ఫైలు మీద ఒక మాట. మీ ఆట ఆటోసేవ్‌ను ఒకే ఫైలు మీద తిరగరాస్తుంది. రాస్తుండగా కరెంటు పోతే సగం ఫైలు మిగులుతుంది, తర్వాత ఆట దాన్ని చెడిపోయిందని చెప్పి మొదటినుంచి మొదలుపెట్టమంటుంది. ఎండాకాలం మా దగ్గర కరెంటు ఎప్పుడు పోతుందో ఎవరూ చెప్పలేరు. దీనికి మందు మీ ప్రోగ్రామర్లకు తెలియనిది కాదు: కొత్త సేవ్‌ను వేరే పేరుతో రాసి, సరిగ్గా పడిందని చూసుకుని, ఆ తర్వాతే పేర్లు మార్చడం, పాతవి రెండు మూడు ఉంచడం. ఒక్క రోజు పని.

ఇన్ని ఉండగా కొత్త ఆట పోస్టర్ మీద "స్టాకు ఉన్నంతవరకే" అని డిజిటల్ ఎడిషన్‌కు కూడా వేశారు. డౌన్‌లోడ్‌కు స్టాకు అయిపోవడం ఏమిటి? లేని తొందర పుట్టించి కొనిపించడాన్ని 2023 నవంబర్ 30న మన దేశంలో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్ళను ఏమార్చే ఎత్తుగడల) మార్గదర్శకాలు తప్పుగా లెక్కగట్టాయి. ఖరీదైన ఎడిషన్ కొంటే మూడు రోజులు ముందుగా ఆడొచ్చంట. ఎక్కువ డబ్బు కట్టి మీ తప్పులు పట్టిచ్చే పని అది. సమీక్షలు మాత్రం విడుదల గంట దాకా బయటికి రాకూడదు. బర్రెను నీళ్ళలో ఉంచి బేరం చేయమంటున్నారు.

ఈ జాగ్రత్త మాకు ఊరికే పుట్టలేదు. సైబర్‌పంక్ 2077 అనే ఆట విడుదలకు ముందు సమీక్షకులకు కంప్యూటర్ కాపీలే అందాయి. 2020 డిసెంబర్ 10న పీఎస్4లో కొన్నవాళ్ళు చూసింది లోపాలతో, వేరే ఆటే అన్నట్టుంది. వారానికే సోనీ దాన్ని తన స్టోర్‌లోంచి తీసేసి, 2021 జూన్ దాకా మళ్ళీ పెట్టలేదు. కాంకర్డ్ అనే ఆన్‌లైన్ ఆట 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబర్ 6న ఆగిపోయింది, డబ్బులు తిరిగిచ్చారు కాబట్టి సరిపోయింది. 2014లో వచ్చిన ది క్రూ అనే ఆట సర్వర్లు 2024 మార్చి 31న ఆపితే, డిస్కు చేతిలో ఉన్నవాళ్ళకు కూడా ఆట లేకుండా పోయింది. ఆలస్యం చేస్తే మాత్రం మేం ఏమీ అనం. జీటీఏ 6 ఆట విడుదల తేదీని 2025 నుంచి 2026 మే 26కు, అక్కడినుంచి 2026 నవంబర్ 19కు జరిపారు. దానివల్ల కడపలో ఏ దుకాణమూ మూతపడలేదు. సగం ఉడికింది వడ్డిస్తేనే మాకు నష్టం.

కాబట్టి కొత్త ఆట గురించి రాతపూర్వకంగా కొన్ని కావాలి. నెట్ లేకుండా డిస్కుతో ఆట మొదలై చివరిదాకా సాగుతుందా, సాగకపోతే ఎన్ని జీబీలు దించాలి, ఆ అంకె డబ్బా ముందువైపు వేస్తారా. కంప్యూటర్ పట్టికలో రిజల్యూషన్, సెట్టింగ్, ఫ్రేములు, అప్‌స్కేలింగ్ ఏ మోడ్, ఫ్రేమ్ జనరేషన్ ఉందా లేదా. ఒక్కరే ఆడే భాగానికి సర్వర్ కావాలా, కావాలంటే ఎన్నాళ్ళు నడుపుతారు. అన్ని మెషీన్ల వెర్షన్లకూ సమీక్షలు విడుదలకు కనీసం రెండు రోజుల ముందు రానిస్తారా. పోయిన ఆట డిస్కులు, సీలు విప్పినవైనా సరే, మా ద్వారా వెనక్కి తీసుకుని డబ్బు ఇవ్వాలి. ఇది కొత్త ఆటతో ముడిపెట్టని విడి డిమాండు.

తిరిగి అమ్మడానికి కొన్న మేము చట్టం ప్రకారం వినియోగదారులం కామని మీ లాయర్లు అనొచ్చు. సరే. మా బిల్లుతో ఇంటికి కొనుక్కుపోయినవాళ్ళు అవుతారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వాళ్ళు తాముండే జిల్లా కమిషన్‌లోనే, అంటే కడపలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు వాటికి ఫీజు లేదు, గడువు రెండేళ్ళు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయమని చెబుతున్నాం, కాగితాలు ఎట్లా పెట్టాలో కూడా చూపిస్తున్నాం.

నెట్ ఆపి డిస్కు పెట్టిన వీడియో, డబ్బా వెనకవైపు ఫోటోలు, ఫ్రేముల రికార్డింగులు, కొన్నవాళ్ళ అనుమతితో బిల్లుల నకళ్ళు ఈ లేఖతో జతచేశాం. జవాబును డిస్ట్రిబ్యూటర్ చేత నోటిమాటగా చెప్పించకండి, మీ సంతకంతో పంపండి.

ఇట్లు,
కడప ఆటల దుకాణాల, పార్లర్ల నిర్వాహకులు