రాత్రి మన షాపులో మిగిలిన కూరలు ఎక్కడికి వెళ్తున్నాయంటే

మా కర్రీస్ పాయింట్ కస్టమర్లకి, క్యాటరింగ్ ఆర్డర్లు ఇచ్చేవాళ్ళకి నమస్కారమండి. ఈమధ్య షాపు కట్టేసే టైంకి కాలేజీ పిల్లలు హాట్‌బాక్సులు తెచ్చుకుని అన్నం కూరలు పట్టుకెళ్ళడం చూసి చాలామంది అడుగుతున్నారు, వాళ్ళెవరు, మాకు సగం రేటుకి ఇచ్చేది ఆపేశారా అని. ఒక్కొక్కళ్ళకి చెప్పే బదులు ఇక్కడ రాస్తున్నా.

వీళ్ళు మన గుంటూరు బ్రాడీపేట హాస్టళ్ళలో ఉండి ఇంజనీరింగ్, డిగ్రీ చదువుకునే పిల్లలు. మన దగ్గర మిగిలింది జీజీహెచ్, అదే ప్రభుత్వ పెద్దాసుపత్రి దగ్గర పేషెంట్లకి తోడొచ్చిన వాళ్ళకి పెడుతున్నారు. మాచర్ల, వినుకొండ నుంచీ ఇటు ప్రకాశం జిల్లా నుంచీ కూడా పెద్దాసుపత్రికే వస్తారు కదా, పేషెంటుకైతే లోపల భోజనం ఇస్తారు, కూడా ఉన్న అమ్మకో తమ్ముడికో ఎవరు పెడతారు, పగలు అన్న క్యాంటీన్‌లో 5 రూపాయలకి తింటారు, రాత్రి వార్డులోంచి బయటికొచ్చేసరికి లేటయితే ఇక టీ బిస్కెట్టే.

ఈ పిల్లల్ని చూసి నాకు నిజంగా ముచ్చటేసేది వాళ్ళ జాగ్రత్త. రాగానే అడిగేది ఎప్పుడు వండారు ఆంటీ అని. థర్మామీటర్ గుచ్చి చూస్తారు. వండింది 60 డిగ్రీల పైన వేడిగా అన్నా ఉండాలి, లేదా 5 డిగ్రీల లోపు చల్లగా అన్నా ఉండాలి, ఆ మధ్యలో గంటలు గంటలు వదిలేస్తే క్రిములు పెరుగుతాయి. అన్నం గురించైతే మరీ పట్టుదల, ఎందుకంటే బాసిల్లస్ సీరియస్ అని బియ్యంలో ఉండే ఒక క్రిమి ఉంది, దాని బీజాలు అన్నం ఉడికినా చావవు, వార్చి అలా పక్కన పెట్టేస్తే అది విషం తయారుచేస్తుంది, తర్వాత మళ్ళీ వేడి చేసినా ఆ విషం పోదు. అందుకే ఆఖరి వాయి అన్నం హాట్‌బాక్సులోనే ఉంచుతున్నాం. పప్పు, సాంబారు, దొండకాయ వేపుడు, పులిహోర తీసుకెళ్తారు. పెరుగన్నం, పెరుగు పచ్చడి, కొబ్బరి చట్నీ, చికెన్ ముట్టుకోరు. ప్రతి బాక్సు మీద ఏ కూర, ఎప్పుడు వండింది, ఎక్కడిది అని చీటీ అంటిస్తారు. మిగులు ఆహారం పంచడానికి ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2019లోనే రూల్స్ తెచ్చింది, వేరుగా పెట్టి చీటీ వేయమని అందులోనే ఉంది. ఆసుపత్రి దగ్గర తినేవాళ్ళు అప్పటికే నీరసంగా, నిద్రలేక ఉంటారు, వాళ్ళకి కడుపు పాడైతే ఎవరు చూస్తారండి, నేను నా ఇంట్లో పెట్టని కూర అక్కడికి పోదు.

డబ్బుల సంగతి కూడా చెప్పేస్తా. పిల్లలు ఒక్క రూపాయి తీసుకోరు, ఇస్తామన్నా వద్దంటారు. 2014లో ఢిల్లీలో మొదలై, మిగిలిన భోజనం లేనివాళ్ళకి పంచే రాబిన్‌హుడ్ ఆర్మీ వాళ్ళదీ ఇదే పద్ధతి, క్యాష్ ముట్టరు. అమెరికాలో మేరీలాండ్ యూనివర్సిటీ స్టూడెంట్స్ 2011లో క్యాంటీన్‌లో మిగిలింది పారేయడం చూడలేక ఇలాగే మొదలుపెట్టారట, అదిప్పుడు ఎన్నో కాలేజీలకి పాకింది, ఈ పిల్లలే చెప్పారు. హాట్‌బాక్సులు నేను కొన్నా, పెట్రోలు వాళ్ళది. దీనికోసం రేట్లు పెంచలేదు, పెంచను.

ఇంకో సంగతి, ఏ రోజు ఏ కూర ఎంత మిగిలిందో వాళ్ళు పుస్తకంలో రాస్తున్నారు. శనివారం మనవాళ్ళు చాలామంది ఒంటిపూట ఉంటారు, రాత్రికి టిఫినే, అందుకని ఆ రోజే ఎక్కువ మిగులుతోందని లెక్కలో తేలింది. ఇప్పుడు శనివారం సాయంత్రం వంట తగ్గించాం. నా మట్టుకు అసలు లాభం ఇదే, మిగిల్చి దానం చేసేకంటే మిగలకుండా వండటం మేలు. దానివల్ల శనివారం 8:30 దాటాక మీరడిగిన కూర అయిపోయి ఉండొచ్చు, కోప్పడొద్దు, కావాలంటే సాయంత్రమే ఫోన్ చేసి చెప్పండి, తీసి పక్కన పెడతాం.

సగం రేటు ఆపలేదండి. 8:45 నుంచి 9:15 దాకా ఉంటుంది, దాని మీద ఆధారపడ్డ హాస్టల్ పిల్లలు, సెక్యూరిటీ వాళ్ళు ఉన్నారని నాకు తెలుసు. 9:15 తర్వాత ఉన్నదే బాక్సుల్లోకి వెళ్తుంది. నిన్నటి కూర అయితే ఎవరికీ ఇవ్వం, మీకూ వాళ్ళకీ.

పెళ్ళిళ్ళు, ఓణీల ఫంక్షన్లు బుక్ చేసుకున్నవాళ్ళకి మాత్రం ఒక రిక్వెస్ట్. ఆఖరి బంతి కూర్చోగానే చెప్పండి, అర్ధరాత్రి పందిరి విప్పేటప్పుడు కాదు, అప్పటికి సాంబారు పులిసిపోయి ఉంటుంది. గరిటె పెట్టి వడ్డిస్తున్న గిన్నెలోది తీసుకోరు, ఆకుల్లో మిగిలింది సరేసరి, మూత తీయని డేగిసాలో ఉన్నదే తీసుకుంటారు. ఒకాయన వాళ్ళ బాబు పుట్టినరోజు ఫ్లెక్సీ పెట్టి ఆసుపత్రి దగ్గర ఫోటోలు తీస్తామన్నారు, పిల్లలు ఒప్పుకోలేదు, నేనూ వాళ్ళ పక్షమే. అన్నం కోసం చెయ్యి చాచిన మనిషి మొహం ఫోటోలో ఎందుకండి.

వచ్చే నెల వాళ్ళకి సెమిస్టర్ పరీక్షలు. ఆ పదిహేను రోజులు శని, ఆదివారాలే వస్తారు, చదువు మానుకుని రావద్దని నేనే గట్టిగా చెప్పా. మిగతా రోజుల్లో కూరలు తక్కువ వండుతాం. ఆ టైంలో ఫంక్షన్ ఉన్నవాళ్ళు ప్లేట్ల లెక్క రెండు రోజుల ముందే ఖాయం చేసి చెప్పండి, వందమందికి నూటయాభై వద్దు, ఆఖర్లో నలుగురు ఎక్కువొస్తే వేడిగా అప్పటికప్పుడు వండి పంపే పూచీ నాది.