పాలు పోశాక మంట తగ్గించు

చిన్నా,

ఫోన్‌లో అడిగావు కదా, ఆ చిక్కటి పాస్తా సూప్ ఎలా చేయాలో రాస్తున్నాను. మాటల్లో చెబితే సగం జారిపోతుంది. స్టవ్ ముందు నిలబడ్డప్పుడు పక్కన కాగితం ఉంటే ధైర్యంగా ఉంటుంది. నీ గొంతులో అలసట కూడా వినిపించింది. పని నుంచి వచ్చి ఏదో ఒకటి కడుపులో వేసుకుని పడుకుంటున్నావని అర్థమైంది. అలాంటి రాత్రి వేడివేడిగా ఒక పెద్ద గిన్నెడు సూప్ తాగితే కడుపు నిండుతుంది, మనసు కుదుటపడుతుంది. సుమారు నలభై నిమిషాల పని. ఒకసారి చెయ్యి తిరిగిందంటే కాగితం కూడా అక్కర్లేదు.

మొదట ఒక్క విషయం మనసులో పెట్టుకో. ఎక్కువ క్రీమ్ పోస్తే సూప్ బాగా వస్తుందని చాలామంది అనుకుంటారు. క్రీమ్ ఎక్కువైతే కొవ్వు నాలుకకు పట్టేసి ఉప్పు, మిరియాలు, వెల్లుల్లి ఏదీ సరిగ్గా తెలియదు. చిక్కదనం ఇచ్చేది పిండి. నునుపు ఇచ్చేది సన్నని మంట. క్రీమ్ చివర్లో కొద్దిగా పడితే చాలు.

నువ్వు తిని ఇష్టపడ్డ ఆల్ఫ్రెడో పాస్తానే ఉదాహరణగా తీసుకో. ఆ పేరు రోమ్‌లో 1914లో హోటల్ తెరిచిన ఆల్ఫ్రెడో డి లెలియోది. కాన్పు తర్వాత తిండి సహించని భార్య కోసం ఆయన మొదట దాన్ని వండాడని చెబుతారు. ఆ కథ నాకు చాలా ఇష్టం. ఆయన వంటలో క్రీమ్ లేదు. వేడి పాస్తా, వెన్న, పార్మెజాన్ చీజ్, పాస్తా ఉడికిన నీళ్లు, అంతే. ఆ నీళ్లలోకి దిగిన పిండి వెన్ననూ చీజ్‌నూ కలిపి పట్టుకుంటుంది, అందుకే అంత నునుపు. ఆ వంట అమెరికా చేరాకే అందులో క్రీమ్ మామూలైంది. మన సూప్‌లో రెండు దారులూ కలుస్తాయి.

ఇద్దరికి కడుపు నిండా సరిపోయే లెక్క చెబుతాను. వెన్న మూడు టేబుల్ స్పూన్లు, మైదా మూడు టేబుల్ స్పూన్లు, మధ్యరకం ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి నాలుగైదు రెబ్బలు, మష్రూమ్స్ 200 గ్రాములు. స్టాక్, అంటే కూరగాయలు గానీ చికెన్ గానీ మరిగించి వడకట్టిన నీళ్లు, 700 మి.లీ., పాలు 250 మి.లీ., క్రీమ్ 100 మి.లీ. చిన్న సైజు పాస్తా 100 గ్రాములు, తురిమిన పార్మెజాన్ 40 గ్రాములు, గుప్పెడు పాలకూర, మిరియాల పొడి. జాజికాయ ఉంటే గీరినంత. స్టాక్ కోసం నీళ్లలో కరిగించే క్యూబ్ వాడితే ఉప్పు తక్కువగా ఉన్నదే తీసుకో. క్యూబ్‌లో ఉప్పు, వెన్నలో ఉప్పు, చీజ్‌లో ఉప్పు, అన్నీ కలిస్తే చివర్లో దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. నేనైతే ఈ సూప్‌కు ఉప్పు లేని వెన్నే వాడతాను.

కొనేటప్పుడు చీజ్ మీద శ్రద్ధ పెట్టు. ముందే తురిమి ప్యాకెట్లో పెట్టిన చీజ్ అతుక్కోకుండా ఉండటానికి అందులో సెల్యులోజ్ లాంటి పొడి కలుపుతారు. అది సూప్‌లో సరిగ్గా కరగదు, నాలుకకు రవ్వలా తగులుతుంది. గట్టి ముక్క కొని అప్పటికప్పుడు సన్నగా తురుముకో. ఆ ముక్కకు ఉండే గట్టి అంచు పారేయకు నాన్నా. స్టాక్ పోసినప్పుడే దాన్ని కూడా వేసి మరగనివ్వు. అసలైన పార్మెజాన్‌ను, అంటే పార్మిజానో రెజియానోను, తక్కువలో తక్కువ 12 నెలలు మాగబెడతారు. ఆ మాగడంలో పుట్టిన గ్లుటమేట్ వల్లే ఆ లోతైన రుచి. అంచులో కూడా అది ఉంటుంది, మరిగేకొద్దీ సూప్‌లోకి దిగుతుంది. వడ్డించే ముందు తీసేస్తే సరి. ఇంకో సంగతి, ఆ చీజ్ తయారీలో పాలు గడ్డకట్టడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ అనే పదార్థం వాడతారు. శాకాహారులైన స్నేహితులకు పెట్టేటప్పుడు శాకాహార రెన్నెట్ అని రాసి ఉన్న గట్టి చీజ్ చూసి తీసుకో. వాళ్లకు తెలియకుండా పెట్టకూడదు.

ఇక వంట. అడుగు మందంగా ఉన్న గిన్నె పెట్టి, కొంచెం ఆలివ్ నూనె వేసి, మంట పెద్దది చేసి మష్రూమ్స్ వేయించు. వాటిలో తొంభై శాతానికి పైగా నీళ్లే. గిన్నె నిండా ఒకేసారి కుక్కితే ఆ నీళ్లలోనే ఉడుకుతాయి, రంగు రాదు. రెండు విడతలుగా వేసి, అంచులు బాగా గోధుమరంగు వచ్చేదాకా ఆగు. ఊరికే కలపకు. అవి వేగాక పక్కన తీసి పెట్టుకో. గిన్నె అడుగున అంటుకున్న గోధుమరంగు పొరను కడగొద్దు, సూప్ రుచిలో సగం అక్కడే ఉంది. చికెన్ వేసుకోవాలనిపిస్తే ఎముకలేని తొడ ముక్కలు ఈ దశలోనే ఇలాగే వేయించి తీసుకో. తర్వాత స్టాక్‌లో వేసి పూర్తిగా ఉడికించాలి.

మంట బాగా తగ్గించి వెన్న వెయ్యి. అది కరిగాక సన్నగా తరిగిన ఉల్లిపాయ వేసి మూత పెట్టు. ఎర్రగా వేగక్కర్లేదు, మెత్తబడి పారదర్శకంగా అయితే చాలు. ఏడెనిమిది నిమిషాలు పడుతుంది. వెల్లుల్లి మాత్రం ఉల్లిపాయ మెత్తబడ్డాకే. సన్నగా తరిగిన వెల్లుల్లి అర నిమిషంలో వాసన వదులుతుంది, ఇంకాసేపు వదిలేస్తే మాడి చేదెక్కుతుంది. ఆ చేదును ఎంత క్రీమ్ పోసినా దాచలేం.

ఇప్పుడు మైదా చల్లి కలుపు. వెన్న ప్రతి పిండి రేణువునూ చుట్టుకోవాలి, అప్పుడే తడి తగిలినప్పుడు ఉండ కట్టదు. ఒకటి రెండు నిమిషాలు సన్నని మంట మీద కలుపుతూ ఉండు. పచ్చిపిండి వాసన పోయి, బిస్కెట్ లాంటి కమ్మని వాసన వస్తుంది. రంగు మారక్కర్లేదు. తర్వాత స్టాక్ పోయాలి. మొదట ఒక్క గరిటెడు పోసి ముద్దలా అయ్యేదాకా కలుపు. ఇంకో గరిటె పోసి మళ్లీ కలుపు. పల్చగా జారే పేస్ట్ అయ్యాక మిగతాదంతా ఒకేసారి పోసెయ్యొచ్చు. చెక్క గరిటెతో అడుగు గీకుతూ ఉంటే ఆ గోధుమరంగు పొర కరిగి సూప్‌లో కలుస్తుంది. చీజ్ అంచు వేసేదీ ఇప్పుడే.

స్టాక్ పోయగానే చిక్కబడలేదని కంగారుపడి ఇంకో స్పూన్ మైదా వేయకు. గోధుమ పిండి 60 డిగ్రీల దగ్గర ఉబ్బడం మొదలుపెడుతుంది, దాని బలమంతా తెలిసేది మరుగుకు దగ్గరపడ్డాకే. ఒక పొంగు రానిచ్చి, తర్వాత పదిహేను నిమిషాలు మెల్లగా బుడగలు వచ్చేలా ఉడికించు. పిండి రుచి పూర్తిగా పోతుంది, చీజ్ అంచు పని కూడా అయిపోతుంది. మైదా వద్దనుకుంటే ఉడికించిన తెల్ల బీన్స్ గానీ కాలీఫ్లవర్ గానీ మెత్తగా రుబ్బి కలిపినా చిక్కబడుతుంది. అది ఇంకొంచెం బరువుగా, తియ్యగా ఉంటుంది. నాకు మైదాతోనే ఇష్టం. కార్న్‌ఫ్లోర్‌తోనూ చేయొచ్చు కానీ ఆ జిగురు ఈ సూప్‌కు నప్పదు.

ఈలోగా వేరే గిన్నెలో పాస్తా ఉడికించుకో. వేరుగా ఎందుకని అడుగుతావేమో. ఉడికేసరికి పాస్తా బరువు రెండింతలవుతుంది, ఆ నీళ్లన్నీ మన స్టాక్ నుంచే లాగేస్తుంది. పైగా సూప్‌లో కూర్చున్నంతసేపూ తాగుతూనే ఉంటుంది. ప్యాకెట్ మీద రాసిన సమయం కంటే రెండు నిమిషాలు ముందే దించు, మిగతాది వేడి సూప్‌లో ఉడుకుతుంది. ఒక కప్పు పాస్తా నీళ్లు దాచిపెట్టు. సూప్ మరీ చిక్కగా అయితే మామూలు నీళ్ల బదులు అవి పోస్తే రుచి పల్చబడదు. డిటాలిని, ఒర్జో, చిన్న గవ్వల ఆకారం, ఎల్బో మాకరోనీ, ఏదైనా ఫర్వాలేదు. స్పూన్‌లో పట్టాలి, అంతే. ప్యాకెట్ మీద డ్యూరమ్ గోధుమ అని ఉందో లేదో చూడు. అది తొందరగా మెత్తబడిపోదు.

ఇప్పుడు వస్తుంది అసలు ఘట్టం. సూప్ మరగడం ఆపి, మంట పూర్తిగా సిమ్‌లో పెట్టు. పాలు ఫ్రిజ్ లోంచి తీసి నేరుగా పోయకు, ముందే గోరువెచ్చగా చేసి ఉంచు. రెండు గరిటెల వేడి సూప్ పాలల్లో కలిపి, ఆ పాలను మెల్లగా గిన్నెలో పోస్తూ తిప్పు. పాలల్లోని ప్రోటీన్‌కు పెద్ద మంట, పులుపు రెండూ పడవు. రెండూ ఒకేసారి తగిలితే విరిగి పలుకులు కడుతుంది. మనం ముందే వేసిన మైదా కొంత కాపాడుతుంది, అయినా గలగలా మరిగించొద్దు. పాలు పోశాక అంచుల్లో చిన్న బుడగలు కనిపిస్తే చాలు, అంతకు మించి వేడెక్కనివ్వకు. క్రీమ్‌కు ఈ భయం తక్కువ. 35 శాతం దగ్గర కొవ్వున్న క్రీమ్ మరుగుకు కూడా తట్టుకుంటుంది. కొవ్వు తగ్గేకొద్దీ ఆ ఓర్పూ తగ్గుతుంది, అందుకే ప్యాకెట్ మీద శాతం చదువు.

వేయించిన మష్రూమ్స్, పాస్తా వేసి రెండు నిమిషాలు ఉంచు. పాలకూర వేస్తే అర నిమిషంలో వాడుతుంది. స్టవ్ ఆర్పెయ్యి. చీజ్ అంచు తీసెయ్యి. ఒక నిమిషం ఆగి, చీజ్ తురుమును కొంచెం కొంచెంగా చల్లుతూ కలుపు. మరుగుతున్న సూప్‌లో ఒకేసారి కుమ్మరిస్తే చీజ్‌లోని ప్రోటీన్ గట్టిపడి ముద్దకట్టి గరిటెకు చుట్టుకుంటుంది, నూనె విడిగా తేలుతుంది. ఇంత కష్టపడి చివరి నిమిషంలో తొందరపడితే నీకే బాధేస్తుంది. చీజ్ కరిగాకే ఉప్పు చూడు. మిరియాలు అప్పటికప్పుడు దంచి ధారాళంగా వెయ్యి. జాజికాయ మాత్రం వాసన తగిలీ తగలనట్టు ఉండాలి.

రుచి చూసినప్పుడు అంతా బాగానే ఉన్నా ఏదో వెలితి అనిపిస్తే, చాలాసార్లు అది ఉప్పు కాదు, పులుపు. కొద్దిగా నిమ్మ తొక్క తురుము వేస్తే ప్రాణం లేచొస్తుంది, పాలు విరుగుతాయన్న టెన్షన్ కూడా ఉండదు. పచ్చ భాగమే తురుము, కింది తెల్లది చేదు.

టమాటాతో కావాలంటే లాజానియా (పొరలు పొరలుగా పేర్చే పాస్తా) రుచి వచ్చేలా చేసుకోవచ్చు. టమాటా పులుపుకు పాలు తట్టుకోవు కాబట్టి పాలు మానేసి, స్టాక్ ఆ మేరకు పెంచి, క్రీమ్ ఒక్కటే వాడు. టమాటా పేస్ట్‌ను ఉల్లిపాయతో పాటు ముదురు ఎరుపు వచ్చేదాకా వేయించు, పచ్చి పులుపు పోతుంది. లాజానియా షీట్లు ముక్కలుగా విరిచి ఉడికించి వేసుకో. గిన్నెలో వడ్డించాక పైన ఒక స్పూన్ రికోటా అనే మెత్తటి చీజ్ పెట్టు. అది కలపకుండా స్పూన్‌తో కొంచెం కొంచెం తీసుకుంటూ తింటే బాగుంటుంది.

మిగిలితే పాస్తా, సూప్ వేర్వేరు డబ్బాల్లో పెట్టు. కలిపి పెడితే పొద్దుటికి సూప్ కనిపించదు. రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లోకి వెళ్లాలి, మూడు రోజుల్లో తినేయాలి. చల్లారాక గడ్డకట్టినట్టు అవుతుంది, అది పాడవడం కాదు. కొంచెం పాలు పోసి సన్నని మంట మీద కలుపుతూ వేడి చెయ్యి. ఫ్రీజర్‌లో దాచాలంటే పాలు, క్రీమ్, చీజ్ వేయకముందే, స్టాక్ ఉడికిన దశలోనే పక్కకు తీసుకో. పాలు కలిపినది గడ్డకట్టి కరిగితే విడిపోతుంది. సెలవు రోజు ఆ స్టాక్ రెండు మూడు డబ్బాలు చేసి పెట్టుకున్నావంటే, ఆలస్యమైన రాత్రి పాస్తా ఉడికే లోపు నీ భోజనం సిద్ధం. ఆకలితో పడుకోవద్దు నాన్నా, నాకు ఇక్కడ అదే దిగులు.

మొదటిసారి చేసినప్పుడు ఫోటో పంపు. చిక్కదనం ఎలా వచ్చిందో కూడా చెప్పు. స్పూన్ వెనక వేలితో గీత గీస్తే ఆ గీత ఒక క్షణం నిలవాలి. వెంటనే మూసుకుపోతే పిండి తక్కువైనట్టు, అలాగే ఉండిపోతే కొంచెం పాస్తా నీళ్లు పొయ్యి.

ప్రేమతో,
అమ్మ