ఊడ్చే వంతు నాకు రాని వారాలు: స్టుట్‌గార్ట్‌లో నన్ను ఆదుకున్న వారికి కృతజ్ఞతలు

గత ఫిబ్రవరిలో జర్మనీలోని స్టుట్‌గార్ట్ నగరంలో ఒక మెట్లదారి మీద మంచు గడ్డకట్టిన చోట కాలు జారి, నా కుడి చీలమండ ఎముక విరిగింది. ఇప్పుడు కర్ర లేకుండా నడుస్తున్నాను. నన్ను ఆదుకున్న వారందరికీ ఇళ్లకు వెళ్లి కృతజ్ఞతలు చెప్పుకున్నాను గానీ, దానితో మనసుకు తృప్తి కలగలేదు. మూడేళ్లుగా ఉంటున్నా నాకు సరిగా తెలియని ఈ ఊరు, నడవలేని ఆ రోజుల్లోనే ఈ మనుషుల చేతుల మీదుగా నాకు తెలిసింది కనుక, వారి గురించి నలుగురిలో చెప్పడం నా బాధ్యతగా భావించి ఇది రాస్తున్నాను. పేర్లు బయట పెట్టడం వారికి ఇష్టం ఉండదని తెలిసి రాయడం లేదు.

అక్కా, బావగారూ, ముందుగా మీకు. అంతకుముందు రైల్లో ఒకసారి పలకరించుకున్నదే తప్ప మన మధ్య పరిచయమే లేదు. ఇక్కడి తెలుగువారి వాట్సాప్ గ్రూపులో నేను పెట్టిన రెండు వాక్యాలు చూసి, పిల్లను పక్కింట్లో పడుకోబెట్టి ఇద్దరూ ఆసుపత్రికి వచ్చేశారు. శస్త్రచికిత్స అంగీకార పత్రంలోని ప్రతి పేరాను అక్క నాకు తెలుగులో చెప్పి, నాకు అర్థమైందని నమ్మకం కలిగాకే సంతకం చేయనిచ్చింది. ఆ తర్వాత డాక్టరు గారి దగ్గరికి వెళ్లినప్పుడల్లా తోడు వచ్చింది. ఇక్కడ డాక్టరు కోసం వేచి ఉండే గదిలోకి అడుగుపెట్టేవారు అక్కడున్న ముక్కూమొహం తెలియని వారందరికీ నమస్కారం చెబుతారని, అందరూ తలెత్తి బదులిస్తారని, వెళ్లేటప్పుడు మళ్లీ సెలవు తీసుకుంటారని నాకు చూపించింది అక్కే. మొదటిసారి నా గొంతు పెగల్లేదు. నాలుగోసారికి, రెండు ఊతకర్రల మధ్య వేలాడుతూనే, నేనే ముందుగా “గ్రూస్ గాట్” అన్నాను. ఆ గదిలోని ఎనిమిది మందీ ఒకేసారి బదులు పలికినప్పుడు నాకు కలిగిన ధైర్యం చిన్నది కాదు.

ఇక మా భవనంలో ఉండేవారు. మాది ఎనిమిది వాటాల పాత భవనం, లిఫ్టు లేదు, నేనుండేది మూడో అంతస్తు. స్టుట్‌గార్ట్ ఉన్న స్వాబియా ప్రాంతపు ఇళ్లలో “కేర్‌వోహె”, అంటే ఊడ్చే వారం, అనే ఆచారం ఉంది. ఎవరి వంతు వస్తే వారి తలుపు పిడికి ఒక చిన్న పలక వేలాడుతుంది. చిన్న వంతైతే మీ అంతస్తు మెట్లు తుడవాలి, పెద్ద వంతైతే నేలమాళిగ, వాకిలి, ఇంటి ముందరి కాలిబాట కూడా శుభ్రం చేయాలి, మంచు పడితే దాన్నీ తొలగించాలి. పని పూర్తయ్యాక పలకను తర్వాతి వారి తలుపుకు తగిలించి రావాలి. 1492 నాటి పట్టణ శాసనంలోనే ప్రతివారూ తమ చెత్తను వారం వారం బయటికి తరలించాలని రాసి ఉంది. నగరపాలక సంస్థ తన నిబంధనను 1988లో ఎత్తివేసినా, అద్దె ఒప్పందాల్లోనూ ఇంటి నియమాల్లోనూ ఈ ఆచారం నేటికీ నిలిచి ఉంది. వచ్చిన కొత్తలో ఇది ఇరుగుపొరుగు మీద నిఘా అని నాకు గట్టిగా అనిపించేది.

నేను పడిన మూడో వారంలో పెద్ద వంతు నాది. ఎవరినైనా కూలికి పెట్టుకోవాలా, వంతు మార్చమని అడగాలా, అడిగితే ఏమనుకుంటారో అని రెండు రోజులు మథనపడ్డాను. శనివారం సాయంత్రం మెట్ల మీద పలక చప్పుడు వినిపించి, గోడ పట్టుకుని వెళ్లి తలుపు తీసి చూస్తే, పిడికి ఏమీ లేదు. అది పై అంతస్తు పెద్దావిడ తలుపుకు చేరింది. డెబ్బై దాటిన ఆవిడ మరునాటి నుంచి తన వంతుకు ముందు నా వంతు చేశారు. నా చిన్న వంతులను కింది వాటాలో ఉండే పెద్దాయన తీసుకున్నారు. నాకు ఎవరూ ఒక్క మాట చెప్పలేదు, నన్ను అడగనూ లేదు. ఎవరి వంతు ఎప్పుడో తెలిసిన ఇంట్లో, ఎవరికి చేతకాని పరిస్థితి వచ్చిందో కూడా అందరికీ తెలుస్తుంది. అది నిఘా కాదని, కనిపెట్టుకుని ఉండటమని నాకు ఆ శనివారం అర్థమైంది.

కింది వాటా పెద్దాయనను చూస్తే నాకు మొదటి నుంచీ జంకు. ఇక్కడ మధ్యాహ్నాలు, ఆదివారాలు నిశ్శబ్దం పాటించాలి. నా ఊతకర్రలేమో చెక్క నేల మీద టక్కుటక్కుమనేవి. ఒక ఆదివారం ఆయన తలుపు తట్టినప్పుడు ఫిర్యాదుకే వచ్చారనుకుని క్షమాపణ మాటలు కూడబలుక్కున్నాను. ఆయన నా చేతిలోని కర్రను తీసుకుని, తలకిందులు చేసి, అరిగి ఒక పక్కకు వాలిపోయిన రబ్బరు తొడుగును బొటనవేలితో ఊడబెరికి, జేబులోంచి కొత్తది తీసి బిగించారు. రెండోదానికీ అలాగే చేసి, “మెట్ల మీద జారుతాయి” అని మాత్రం అని వెళ్లిపోయారు.

స్టుట్‌గార్ట్ గిన్నె లాంటి లోయలో ఉంది. చుట్టూ వాలుల్లోని ద్రాక్షతోటల వారు నడిచిన మెట్లదారులు నాలుగు వందలకు పైగా మిగిలాయి. “ష్టెఫెలె” అని పిలిచే ఆ మెట్లే నాకు ఎంతో ఇష్టమైన చోటు, అక్కడే పడ్డాను. ఇక మెట్లు ఎక్కలేనని దిగులుపడుతుంటే బావగారు నన్ను మరీన్‌ప్లాట్స్‌లో “త్సాకె” ఎక్కించారు. 1884లో మొదలైన, రంపపు పళ్ల లాంటి పట్టాను పట్టుకుని వాలు ఎక్కే ఈ రైలు యాత్రికుల కోసం కాదు, రోజూ ఉద్యోగాలకు, బడికి వెళ్లేవారి కోసం నడుస్తుంది. ముందు ఒక చిన్న బండిలో సైకిళ్లు పెట్టుకుని కొండ ఎక్కుతుంది. కాలు చాపి కూర్చుని, ఊరి పైకప్పులు ఒక్కొక్కటిగా కిందికి దిగిపోవడం చూశాను. టేకు పెట్టెలను తాడుతో లాగే 1929 నాటి రైలు కూడా ఎక్కాను, అదీ బాగుంది.

అయితే నన్ను నిలబెట్టింది నగర గ్రంథాలయం. కొరియా మూలాలున్న వాస్తుశిల్పి యున్ యంగ్ యీ రూపకల్పనలో 2011లో తెరుచుకున్న ఆ తెల్లని ఘనాకారపు భవనం నాలుగు గోడల మీద గ్రంథాలయం అనే మాట జర్మన్, ఇంగ్లీషు, అరబిక్, కొరియన్ భాషల్లో ఉంటుంది. దాని నడిబొడ్డున పుస్తకాలు గానీ బల్లలు గానీ లేని, పైనుంచి వెలుతురు పడే ఒక ఎత్తైన ఖాళీ గది ఉంది. నేల మధ్యలో చిన్న నీటి చదరం తప్ప అందులో మరేమీ లేదు. ఇంత ఖరీదైన స్థలాన్ని మౌనం కోసం వదిలిపెట్టిన ఊరి మీద నాకు గౌరవం పెరిగింది. అక్క నన్ను అక్కడ దించి, రెండు గంటల తర్వాత వచ్చి తీసుకువెళ్లేది. ఆ రెండు గంటలు నన్ను ఒంటరిగా వదిలిపెట్టాలని ఎలా గ్రహించావో గానీ అక్కా, అందుకు నీకు విడిగా నమస్కారం.

ఏప్రిల్‌లో పై అంతస్తు పెద్దావిడ నన్ను బిర్కెన్‌కోఫ్‌కు తీసుకువెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులకు కూలిన ఇళ్ల శిథిలాలను తెచ్చి పోయడంతో ఆ కొండ సుమారు 40 మీటర్లు పెరిగి, 511 మీటర్ల ఎత్తుకు చేరింది. శిఖరం మీద చెక్కిన కిటికీ రాళ్లు, స్తంభాల ముక్కలు ఉన్నవి ఉన్నట్టే పడి ఉన్నాయి. చుట్టూ తిరిగే వాలుదారిలో ఆవిడ నా నడకకు తన నడక కలిపారు. పైకి చేరాక ఒక రాతిని అరచేత్తో తడిమి, తన తాతగారి ఇల్లు కూడా ఇందులో ఎక్కడో ఉంటుందని చెప్పారు. ఎన్ని కృతజ్ఞతలు చెప్పినా ఆవిడ చేత్తో తోసేస్తారు. తిట్టలేదంటే మెచ్చుకున్నట్టే అన్నది స్వాబియా వారి సామెత. పొగడరు, పొగడనివ్వరు. అందుకే ఇక్కడ, నా భాషలో, ఆవిడకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను.

పోయిన ఆదివారం రాత్రి పలక మళ్లీ నా తలుపుకు వచ్చింది. దాన్ని చూడగానే కళ్లు చెమర్చాయి. శనివారం నేలమాళిగ, వాకిలి ఊడ్చి, కాలిబాట అంచున రాళ్ల సందుల్లోని మట్టిని కూడా తీసేసరికి పెద్దావిడ కూరగాయల సంచితో వచ్చారు. గేటు దగ్గర ఆగి, కాలిబాటను ఈ చివర నుంచి ఆ చివర వరకు చూశారు. తర్వాత నా కాలి వైపు చూశారు. ఏమీ అనకుండా లోపలికి వెళ్లారు.